డాక్టరు చెప్పిన రెండో మాట

ఎండ బాగా కాసే రోజున ఆకాశంలోకి చూస్తే కంటి ముందు సన్నటి పోగులు, చుక్కలు, ముడిపడిన దారాలు తేలుతున్నట్టు కనిపించడం మీలో చాలామందికి తెలిసిన అనుభవమే. ఏమిటా అని సూటిగా చూడబోతే పక్కకు జారిపోతాయి. చూపు ఒకచోట నిలిపితే మెల్లగా కిందికి దిగుతాయి. రెప్పలార్పినా పోవు, కళ్ళు కడుక్కున్నా పోవు. డాక్టర్లు ఫ్లోటర్స్ అంటారు. మా ఇంట్లో మాత్రం మచ్చలనే అంటాం. నాకు ముప్ఫై దాటేసరికే మొదలయ్యాయి. ఒక డాక్టరును అడిగాను, ఆయన సరైన జవాబే చెప్పాడు. ఆ జవాబునే పట్టుకుని కూర్చోవడం వల్ల చాలా ఏళ్ళ తర్వాత నా కుడి కన్ను పోయేదాకా వచ్చింది. నాదైతే నిలబడింది. మా బావ ఎడం కన్ను మాత్రం మునుపటిలా కాలేదు. అందులో నా మాటకు వాటా ఉంది. ఇదంతా రాయడానికి అదే కారణం.

మాది పోర్ట్ బ్లెయిర్. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు కాని, నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. మా నాన్న శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అలా వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల నాటికి అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే వలలు బాగుచేసుకుంటూ ఉత్తరాంధ్ర యాసలో కబుర్లాడుకునేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. నేను వేట జోలికి పోలేదు. అబర్డీన్ బజారు దగ్గర ఫొటో స్టూడియో పెట్టుకున్నాను. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పెళ్ళిళ్ళు, సీజన్‌లో హేవ్‌లాక్ వెళ్ళి టూరిస్టు జంటలకు ఫొటోలు, ఇదీ నా బతుకు.

మా దీవుల్లో వెలుతురికి కరువు లేదు. దేశమంతటికీ ఒకటే గడియారం కాబట్టి మే నెలలో ఐదింటికల్లా సూర్యుడు పైకొచ్చేస్తాడు. తొమ్మిదయ్యేసరికి హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో తెల్లటి ఇసుక మీద కళ్ళు నిలవవు. మొదటిసారి మచ్చలు చూసింది అక్కడే. కెమెరా కంటికి ఆనించి ఆకాశం కేసి ఎత్తాను, ఫ్రేములో ఏదో పోగు కదిలింది. వ్యూఫైండర్‌లో దుమ్ము చేరిందనుకుని బ్లోయర్‌తో ఊదాను. లెన్సు మార్చాను. పోలేదు. చివరికి కెమెరా పక్కన పెట్టి ఉత్త కళ్ళతో ఆకాశం చూస్తే ఆ పోగు అక్కడే ఉంది. అప్పుడు భయపడ్డాను. ఊరికొచ్చిన వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ వయసులో చేసిన ఆ ఒక్క పని సరైనది.

ఆయన చుక్కల మందు వేసి, పాపలు పెద్దవయ్యాక రెండు కళ్ళూ శ్రద్ధగా చూశాడు. కంటి గుడ్డు లోపల ఎక్కువ భాగాన్ని నింపేది విట్రియస్ అనే జిగురు పదార్థమని చెప్పాడు. నాలుగు మిల్లీలీటర్లు ఉంటుంది, టీస్పూనుకు కాస్త తక్కువ. అందులో నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది వంతులు నీళ్ళే. మిగతాది కంటికి కనబడనంత సన్నటి కొల్లాజెన్ పోగులు, నీటిని పట్టి ఉంచే హైలురోనిక్ ఆమ్లం. పుట్టినప్పుడు అది గాజులా తేటగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ జిగురు అక్కడక్కడా పలచబడి నీరవుతుంది, పోగులు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. మనకు కనిపించేది ఆ ఉండలు కాదు, కంటి వెనక గోడకు పొరలా అంటుకుని ఉండే రెటీనా మీద పడే వాటి నీడలు. నాకు చిన్నప్పటి నుంచి సైటు మైనస్ ఏడు. అంత సైటున్నవాళ్ళ కంటి గుడ్డు మామూలు కన్నా పొడుగ్గా ఉంటుంది, లోపలి జిగురు త్వరగా పలచబడుతుంది, అందుకే ముప్ఫైల్లోనే మొదలయ్యాయన్నాడు. రెటీనా బాగుంది, ఇవి ఏమీ చెయ్యవు, అలవాటైపోతాయి అన్నాడు.

నిజంగానే అలవాటైపోయాయి. మెదడు వాటిని పట్టించుకోవడం మానేస్తుంది.

నాకు వచ్చిన చిక్కల్లా ఆ వివరణ మరీ బాగా అర్థం కావడంతోనే. నా వృత్తిలో రోజూ చూసేదే అది. కెమెరా లెన్సు ముందు అద్దం మీద దుమ్ము కణం ఉంటే ఫొటోలో ఏమీ తెలియదు. అదే కణం లోపల సెన్సర్‌ని అంటుకుని ఉంటే మచ్చ పడుతుంది. అందులోనూ లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి, ఎఫ్ పదహారులో నీలాకాశం తీస్తే, దాని అంచులు గీసినట్టు కనిపిస్తాయి. కంట్లోనూ అంతే. రెటీనాకు దగ్గర్లో ఉన్న పోగు నీడే స్పష్టంగా ఉంటుంది. ఎండలో కంటి పాప రెండు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది కాబట్టి ఆ నీడ ఇంకా పదునెక్కుతుంది. మసక వెలుతురులో పాప విచ్చుకోగానే నీడ చెదిరిపోతుంది. మచ్చలు బీచ్‌లో కనిపించి పెళ్ళిపందిట్లో కనిపించకపోవడానికి కారణం ఇదేనని నేనే తేల్చుకున్నాను. ఈ తర్కంలో తప్పేమీ లేదు. ఈ సంగతి మా ఊళ్ళో నా అంత వివరంగా చెప్పగలిగేవాడు లేడని లోలోపల ఒక సంతోషం కూడా ఉండేది. స్టూడియోకి వచ్చినవాళ్ళెవరైనా కళ్ళ ముందు ఏదో తేలుతోందంటే, స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరా విప్పి సెన్సర్ చూపించి మరీ చెప్పేవాణ్ణి. వాళ్ళు నిశ్చింతగా వెళ్ళిపోయేవాళ్ళు. అలా పంపించడం మంచిపని అనుకునేవాణ్ణి.

అలా నిశ్చింతగా పంపించినవాళ్ళలో మా బావ ఒకడు.

బావ చాథం రంపపు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. 1883 నుంచి నడుస్తున్న మిల్లు అది, అందులో పనిచేశానని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. సుగరు చాలా ఏళ్ళుగా ఉంది. మాత్రలు వేసుకునేవాడు, కాని అన్నం తగ్గించేవాడు కాదు. ఒక సంక్రాంతికి మా అప్ప (అక్కను మేం అలాగే అంటాం) వాళ్ళింట్లో భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నప్పుడు, ఎడం కంట్లో సాలీడు దారాల్లాంటివి దిగుతున్నాయిరా, కొంచెం ఎర్రగా, పొగ పట్టినట్టుంది, సోమవారం ఆసుపత్రికి వెళ్దామనుకుంటున్నాను అన్నాడు.

"ఏటీ అవ్వదు బావా, నాకూ ఉన్నాయి, ఎప్పట్నుంచో ఉన్నాయి," అన్నాను. ఆయనకూ సెన్సర్ కథ చెప్పాను. బావ మొహం తేటపడింది. లోపల్నుంచి అప్ప కేకేసి, "ఏటంట?" అని అడిగితే, "తమ్ముడికీ ఉన్నాయంట, ఏటీ లేదంట," అన్నాడు. సోమవారం ఆయన ఆసుపత్రికి వెళ్ళలేదు.

ఆయన చెప్పిన మూడు ముక్కలు నేను వినలేదు. ఎర్రగా అన్నాడు. పొగ అన్నాడు. ఒక్క కంట్లోనే, కొత్తగా అన్నాడు. నాకు వినిపించింది "దారాలు" అన్న మాటొక్కటే, ఎందుకంటే నా దగ్గర జవాబున్నది దానికే.

కొన్ని నెలలకు నా వంతు వచ్చింది. అప్పటికి నాకు యాభై దాటింది. ఒక ఉదయం స్టూడియో షట్టరు ఎత్తుతుంటే కుడి కంట్లో ఉన్నట్టుండి పెద్ద ఉంగరంలాంటి నల్లటి ఆకారం ఊగింది. దాని చుట్టూ మిరియప్పొడి జల్లినట్టు సన్నటి చుక్కలు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. వయసు పెరిగింది, మచ్చలూ పెరిగాయి అనుకుని షట్టరు పూర్తిగా ఎత్తి దీపం వెలిగించుకున్నాను.

ఆ వారంలోనే జంగ్లీఘాట్‌లో ఒక పెళ్ళి. రాత్రి తాళి కట్టే వేళకు కుడి కంటి చివర తెల్లటి మెరుపులు వస్తున్నాయి. వీడియో తీసే కుర్రాడి లైటేమోనని ఒకటి రెండుసార్లు అటు తిరిగి చూశాను. వాడి లైటు ఆరిపోయి ఉంది. ఇంటికెళ్ళి పడుకున్నాక కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన ఆ కటిక చీకట్లో చూపు పక్కకు తిప్పినప్పుడల్లా కంటి అంచున వంపు తిరిగిన మెరుపు మెరిసింది. ముప్ఫై ఏళ్ళుగా ఫ్లాషులు వేస్తూ బతికినవాణ్ణి, బయట వెలుగు లేకుండా వెలుగు కనిపించడమేమిటని ఆ రాత్రే లేచి కూర్చోవాల్సింది. అలసట అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను.

తర్వాత ఏం చేశానో కూడా చెప్పాలి, ఎందుకంటే మీరూ ఇవే చేస్తారని నాకు అనుమానం. మా ఆవిడ ఎక్కణ్ణించో నందివర్ధనం పూలు తెచ్చి చల్లటి నీళ్ళలో వేసి కళ్ళ మీద పెట్టింది. హాయిగానే ఉంది. పొన్నగంటి కూర కళ్ళకు మంచిదని వారమంతా వండింది. అదీ మంచి కూరే. కాని రెప్ప మీద పెట్టిన పువ్వూ, పొట్టలోకి వెళ్ళిన కూరా కంటి గుడ్డు లోపల చిరిగినదాన్ని కుట్టలేవు. లోపలి మచ్చలను కరిగించే చుక్కల మందంటూ కూడా ఏదీ లేదు. ఇక నేను పనిలో చేసిన సర్దుబాటు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఉంగరం సరిగ్గా పెళ్ళికూతురు మొహం మీదికి వచ్చి ఊగుతుంటే, కెమెరాను కుడి కంటి నుంచి ఎడం కంటికి మార్చుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఎడం కంటితో ఫొటో తీసినవాణ్ణి కాదు. రెండు రోజుల్లో అదీ అలవాటైపోయింది. ఏమీ జరగలేదని నన్ను నేను నమ్మించుకుంటూనే, చెయ్యి మాత్రం ఏదో జరిగిందని ఒప్పుకుని కెమెరాను అటు మార్చింది.

దాన్ని పట్టుకున్నది స్టూడియోలో పనిచేసే కుర్రాడు. "సార్, మీరు ఎడం కంటితో చూస్తన్నారేటి?" అన్నాడు. ఊరికే అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు పొద్దున కంటి డాక్టరు దగ్గర కూర్చున్నాను.

ఈసారి చూసింది వేరే డాక్టరు, చిన్న వయసు అమ్మాయి. ఎప్పటి నుంచి ఉన్నాయని అడిగింది.

"చాలా ఏళ్ళ నుంచీ ఉన్నవేనమ్మా. ముందే చూపించుకున్నాను. ఏమీ కాదన్నారు."

"అవి కాదండీ. ఇప్పుడు వచ్చినవి ఎప్పటి నుంచి?"

నేను ఆగిపోయాను. ఇప్పుడు వచ్చినవి వేరు, అప్పుడున్నవి వేరు అని ఆ క్షణం దాకా నా మనసు విడదీసి చూడలేదు. రెండింటికీ నేను ఒకటే పేరు పెట్టుకున్నాను. మెరుపులున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. కంటి పక్క నుంచి నల్లటి తెరలాంటిది వస్తోందా అంది. లేదన్నాను. ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడిందా, మీకు దెబ్బలేమైనా తగిలాయా, శుక్లం ఆపరేషన్ అయిందా, సుగరుందా?

సుగరు అన్న మాట దగ్గర నాకు వరండా కనిపించింది. అప్ప చేతిలో తాంబూలం పళ్ళెం, బావ తేటపడిన మొహం. ఆ అమ్మాయి అడుగుతున్న ఒక్క ప్రశ్న కూడా నేను బావను అడగలేదు. చెమట పట్టింది. పాపలు విచ్చుకోవడానికి మందు వేసి, కళ్ళు మూసుకుని బయట బెంచీ మీద కూర్చోమంది. అలా కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడే మొదటి డాక్టరు గొంతు గుర్తొచ్చింది. ఆయన చెప్పింది ఒక్క మాట కాదు. ఇవి ఏమీ చెయ్యవు అన్న తర్వాత, చీటీ మీద సంతకం పెడుతూ రెండో మాట అన్నాడు. ఉన్నట్టుండి కొత్తవి చాలా వచ్చినా, మెరుపులు కనిపించినా, అడ్డంగా నీడ పడినా, ఆ రోజే రండి, మర్నాటికి ఆగొద్దు అన్నాడు. మొదటి మాట వినగానే నాలో భయం పోయింది, భయంతో పాటు చెవులూ మూసుకుపోయాయి. ఇంతకాలం ఊళ్ళో అందరికీ పంచిపెట్టింది ఆయన జవాబులో సగం.

మీరు డాక్టరు దగ్గర్నుంచి బయటికి వచ్చేటప్పుడు గుర్తుపెట్టుకున్నది ఏ సగమో ఒకసారి చూసుకోండి.

ఆ అమ్మాయి తలకు దీపం కట్టుకుని, చేతిలో చిన్న లెన్సు పట్టుకుని, రెప్ప మీద సన్నటి కడ్డీతో నొక్కుతూ పైకీ కిందికీ పక్కలకీ చూడమని చాలాసేపు చూసింది. నా కంట్లో ఏం జరిగిందో తర్వాత బొమ్మ గీసి చెప్పింది. యాభై దాటాక, సైటు ఎక్కువున్నవాళ్ళకు ఇంకా ముందే, పలచబడిన జిగురు ముడుచుకుని రెటీనా నుంచి విడిపోతుంది. కంటి నరం మొదలు దగ్గర అది గుండ్రంగా అంటుకుని ఉంటుంది, అక్కడ ఊడి వచ్చిన ముక్కే నాకు కనిపించిన ఉంగరం. చాలామందికి ఈ విడిపోవడం ఏ హానీ లేకుండా జరిగిపోతుంది. కాని ఎక్కడైనా గట్టిగా అంటుకుని ఉంటే, జిగురు వెళ్తూ వెళ్తూ రెటీనాను లాగుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు. దానికి తెలిసింది వెలుగొక్కటే, అందుకే లాగినప్పుడల్లా మెరుపని మెదడుకు చెబుతుంది. లాగి లాగి చిరిగితే సన్నటి రక్తనాళం తెగి, మిరియప్పొడిలా చుక్కలు రాలతాయి. ఇలా హఠాత్తుగా మచ్చలూ మెరుపులూ వచ్చినవాళ్ళలో పదిమందికి ఒకరికి పైగానే చిరుగు దొరుకుతుంది. నాకూ దొరికింది, పై భాగంలో, గుర్రపు నాడా ఆకారంలో. ఆ చిరుగులోంచి పలచటి నీరు వెనక్కి చేరితే రెటీనా గోడ నుంచి ఊడిపోతుంది. అప్పుడు కనిపించేదే పక్క నుంచి వచ్చే నల్లటి నీడ. అది మధ్య చూపు దాకా రాకముందే ఆపరేషన్ జరగాలి. వచ్చాక చేస్తే రెటీనా అంటుకున్నా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

"నొప్పి లేదు కదా అని ఊరుకున్నానమ్మా," అన్నాను. అందరూ అదే అంటారండీ అని చెప్పి, మెయిన్‌ల్యాండ్‌కి చీటీ రాసింది.

దీవుల్లో ఉండనివాళ్ళకు ఆ మాట బరువు తెలియదు. మా ఊరి నుంచి చెన్నైకి సముద్రం మీద పదమూడు వందల కిలోమీటర్లకు పైనే. విశాఖకు కాస్త తక్కువ. విమానంలో రెండు గంటల పైచిలుకు, ఓడలో మూడు రోజుల ప్రయాణం, ఆ ఓడ కూడా రోజూ ఉండదు. మర్నాటి విమానానికి టికెట్టు దొరికింది. మా ఆవిడ, నేను వెళ్ళాం. చెన్నైలో అదే రోజు సాయంత్రం లేజరు చేశారు. గడ్డం ఆనించి కూర్చోబెట్టి, కంటికి లెన్సు తొడిగి, చిరుగు చుట్టూ వరసలుగా ఆకుపచ్చటి వెలుగు కొట్టారు. కొన్ని చోట్ల సూదితో పొడిచినట్టనిపించింది, అంతకు మించి ఏమీ లేదు. ఆ కాలిన చోట్ల మచ్చకట్టి రెటీనా గోడకు అతుక్కుంటుంది, గట్టిపడడానికి రెండు వారాలు పడుతుందన్నారు.

వందేళ్ళ కిందట అయితే నా కథ ఇంకోలా ఉండేది. రెటీనా ఊడితే కన్ను పోయినట్టేనని డాక్టర్లే అనుకునేవారు. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో జూల్ గోనాఁ అనే ఆయన, ఊడటానికి మూలం చిరుగేనని, దాన్ని వెతికి మూస్తే కన్ను నిలుస్తుందని 1920ల్లో చేసి చూపించాడు. తోటివాళ్ళు చాలాకాలం నమ్మలేదు. తర్వాత జర్మనీలో మేయర్ ష్విక్కెరాత్ అనే డాక్టరు, 1945 సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూసి రెటీనా కాల్చుకున్న ఒక విద్యార్థిని పరీక్షించాడు. ఎండ కాల్చిన చోట ఏర్పడిన మచ్చ చూసి, కావలసిన చోట కావాలని అలా కాలిస్తే అతుకు పడుతుంది కదా అనిపించిందాయనకు. 1949 ప్రాంతంలో సూర్యకాంతినే అద్దాలతో రోగి కంట్లోకి మళ్ళించి వైద్యం చేశాడు. మబ్బు పడితే వైద్యం ఆగిపోయేది. ఆ తర్వాత జినాన్ దీపం వచ్చింది, ఆ తర్వాత లేజరు. వెలుతురు మీద బతికేవాణ్ణి కాబట్టి కాబోలు, ఈ సంగతి తెలుసుకున్న రోజున నాకు ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆసుపత్రిలో నా పక్క బల్ల మీద మా దీవుల్లోనే హట్ బే నుంచి వచ్చిన ఒక పెద్దాయన బోర్లా వంగి కూర్చుని ఉండేవాడు. కంట్లో నీడ కనిపించినా ఆయన పడవ రోజు కోసం, తర్వాత కూతురి పరీక్షల కోసం ఆగాడు. వచ్చేసరికి రెటీనా ఊడిపోయింది. ఆపరేషన్ చేసి, రెటీనాను గోడకు నొక్కి ఉంచడానికి కంట్లో గ్యాసు నింపారు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి అది సరైన చోట నొక్కాలంటే తల వంచుకునే ఉండాలి. అంతకన్నా కష్టం ఇంకోటుంది. కంట్లో గ్యాసుండగా విమానం ఎక్కకూడదు. పైకి వెళ్ళేకొద్దీ విమానం లోపల గాలి ఒత్తిడి తగ్గి, కంట్లో బుడగ ఉబ్బి, రక్తప్రసారం ఆగి చూపు పోవచ్చు. గ్యాసు రకాన్ని బట్టి అది కరగడానికి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. అప్పటిదాకా చెన్నైలో ఉండాలి, లేదంటే ఓడలో వెళ్ళాలి. తల వంచుకుని మూడు రోజులు ఓడలో వెళ్ళలేనని ఆయన రాయపురంలో తెలిసినవాళ్ళింట్లో ఉండిపోయాడు. లేజరుతో అయిపోయే పని ఆలస్యమైతే దీవివాళ్ళకు ఎన్ని రెట్లవుతుందో ఆయన పక్కన కూర్చున్నప్పుడు నాకు లెక్క తెలిసింది.

చెన్నై నుంచే అప్పకు ఫోను చేశాను. బావను వెంటనే కళ్ళ డాక్టరుకు చూపించమని, నేను చెప్పినవేవీ పట్టించుకోవద్దని చెప్పాను. అప్ప కాసేపు మాట్లాడలేదు. "ఆయన ఎడం కన్ను మరీ మసకైపోనాది. నువ్వు ఏటీ లేదన్నావు కదా అని ఊరుకున్నాడు," అంది. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

బావది నా జబ్బు కాదు. ఏళ్ళ తరబడి సుగరు ఎక్కువగా ఉంటే రెటీనాలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. రక్తం అందని రెటీనా కొత్త నాళాలను మొలిపిస్తుంది. అవి బలహీనం. తెగితే జిగురులోకి రక్తం కారుతుంది. ఆయన చూసిన ఎర్రటి దారాలు, పొగ అవే. విశాఖలో బంధువులున్నారని అక్కడికి తీసుకెళ్ళారు. ఎడం కంట్లో రక్తం పేరుకుపోయి, మచ్చకట్టిన పొర రెటీనాను లాగేస్తుంటే ఆపరేషన్ చేసి తీశారు. మనిషిని గుర్తుపట్టేంత చూపు వచ్చింది, పేపరు చదివేంత రాలేదు. కుడి కంట్లోనూ అవే నాళాలు మొలకెత్తుతున్నాయి, కాని ఇంకా తెగలేదు. దానికి లేజరు చేసి ఆపారు. ఇప్పుడు ఆయన పేపరు చదివేది ఆ కంటితోనే.

సుగరున్నవాళ్ళు ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికోసారి మందు వేయించుకుని రెటీనా చూపించుకోవాలని అప్పుడే తెలిసింది. చిన్న వయసు మగవాళ్ళలోనూ కంట్లో రక్తం కారే ఈల్స్ అనే జబ్బొకటి మన దేశంలో ఎక్కువట. కంటి లోపలి వాపులోనూ మచ్చలు వస్తాయి, అప్పుడు తరచుగా ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం కూడా ఉంటాయి. ఇన్నింటికీ మొదట కనిపించేది ఒకటే, కళ్ళ ముందు ఏదో తేలడం. పైనుంచి చూసి ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. మందు వేసి లోపలికి చూడాల్సిందే.

బావ దగ్గరికి వెళ్ళి నా తప్పేనని చెప్పాను. "నువ్వు డాక్టరువా ఏటి? విన్నోడిది తప్పు," అన్నాడు. అలా అనడం ఆయన మంచితనం. నేను డాక్టరులా మాట్లాడాను కాబట్టే ఆయన విన్నాడు. మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోలేదు. ఏటా ఆయన పరీక్షకు మాత్రం నేనే తోడు వెళ్తున్నాను.

ఈమధ్య జంగ్లీఘాట్ నుంచి వేటకెళ్ళే కుర్రాడు ఒకడు పాస్‌పోర్టు సైజు ఫొటోకని వచ్చి, "బాబాయ్, కళ్ళ ముందు మెరుస్తూ వంకర టింకర గీతలొస్తన్నాయి," అన్నాడు. రెండు కళ్ళలోనా ఒకదాంట్లోనా, ఎంతసేపు, ఇంతకుముందు ఉన్నాయా, తలనొప్పి వచ్చిందా అని అడిగాను. రెండింట్లోనూ, ఇరవై నిమిషాలుండి పోయిందట, తర్వాత తల పగిలిపోయిందట. మైగ్రేన్‌లో అలా జరుగుతుందని నేను విని ఉన్నాను. కాని ఆ మాట అనలేదు. జి.బి. పంత్ ఆసుపత్రిలో కంటి విభాగానికి ఆ రోజే వెళ్ళమన్నాను. వెళ్ళాడు. మందు వేసి చూశారు, రెటీనా బాగుంది, మైగ్రేనే. చుక్కల మందు మసక సాయంత్రం దాకా దిగక వాడి వేట ఆ పూటకు పోయింది. మర్నాడు వాళ్ళమ్మ స్టూడియోకి వచ్చింది. ఏటీ లేనిదానికి ఒక పూట వేట పోగొట్టావని అంది. ఆవిడ బాధలో న్యాయం ఉంది. ఏమీ లేదన్నది లోపలికి చూసి చెప్పారు కాబట్టి ఇక నిశ్చింతగా ఉండొచ్చని, మళ్ళీ కొత్తగా ఏది కనిపించినా వాణ్ణి మళ్ళీ పంపించమని చెప్పాను. మాటల్లో తనకు సుగరుందని, కళ్ళు ఎప్పుడూ చూపించుకోలేదని చెప్పింది. వాళ్ళ వీధికి దగ్గర్లోనే మా అప్ప ఇల్లు. ఆ వారం అప్ప ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.